చేతిలో కట్ట

శనివారం పొద్దున్న పదకొండింటికి తలుపు తీసేసరికి ఎదురుగా నిలబడ్డావిడ తెలుగులో "ఇంద్రజ గారేనా?" అని అడిగింది. ఇంద్రజ ముందు సంతోషపడింది. ఘాజియాబాద్‌లో ఎనిమిదో అంతస్తు ఫ్లాటుకి తెలుగు మాట తనంత తాను లిఫ్టెక్కి రావడం రోజూ జరిగే పనా మరి. లోపలికి రమ్మంది, మంచినీళ్లిచ్చింది, ఏ ఊరని అడిగింది. వచ్చినావిడ హనుమకొండ అంది, పేరు సాయిసుధ అంది, హైకోర్టులో లాయర్‌నంది. ఆ మూడో ముక్కకి ఇంద్రజ మొహంలో నవ్వు తగ్గింది.

"దశరథ్ కేసు అక్కా. లక్ష్మీనగర్ జిరాక్స్ షాపు కేసు. అండ్ల మీరే మొదటి సాక్షి గద."

ఈ పేరు ఎవరో ఒకరు ఏదో ఒక రోజు ఈ గుమ్మంలోకి పట్టుకొస్తారని తొమ్మిదేళ్లుగా ఇంద్రజ భయపడుతూనే ఉంది. కాలింగ్ బెల్ మోగితే చాలు, కొరియర్ కుర్రాడైనా సరే, ఎదురింటి ఆంటీ అయినా సరే, ముందొకసారి ప్రాణం పోయి తరవాత తిరిగొచ్చేది. ఇవాళ పోయిన ప్రాణం తిరిగి రాలేదు.

సంగతి పన్నెండేళ్ల కిందటిది. అప్పుడు ఇంద్రజకి ఇరవై రెండు. కాకినాడ నుంచి సివిల్స్ కోచింగ్‌కని వచ్చి, లక్ష్మీనగర్‌లో ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవలసిన గల్లీలో, మొదటి అంతస్తు గదిలో మరో ఇద్దరితో కలిసి ఉండేది. ఆ గల్లీ మొదట్లో జిరాక్స్ షాపు. అందులో పనిచేసేవాడు దశరథ్, బీహార్ నుంచి వచ్చిన పాతికేళ్ల మనిషి. చుట్టుపక్కల హాస్టళ్లన్నింటికీ నోట్సు జిరాక్స్ తీసి, తాడుతో కట్టి, మెట్లెక్కి మరీ ఇచ్చి వెళ్లేవాడు.

జనవరి నెల, సాయంత్రం ఆరున్నర. కరెంటు పోయింది, మంచు దిగింది. బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తున్న ఇంద్రజకి పటాసు పేలినట్టు చప్పుడు వినిపించింది. కాసేపటికి కింద గల్లీలో దశరథ్ పరుగెత్తుకుంటూ వెళ్లడం చూసింది. చేతిలో జిరాక్స్ కాగితాల కట్ట. అంతే ఆమె చూసింది. అవతల షాపులో యజమాని గుండెల్లో తుపాకీ గుండు దిగి చచ్చిపడి ఉన్నాడు.

మర్నాడు పోలీసులొచ్చి ఎవరైనా చూశారా అని అడిగితే గల్లీ గల్లీ అంతా తలుపులేసుకుంది. ఇంద్రజ గదిలో ఉండే అమ్మాయిలిద్దరూ దుప్పట్లు ముసుగేశారు. ఈవిడ మాత్రం, రేపో మాపో కలెక్టరు కాబోయే మనిషి కదా, నేను చూశానని ముందుకొచ్చింది. ధైర్యం మెచ్చుకోవలసిందే, హిందీ మాత్రం ఆటోవాళ్ల దగ్గర నేర్చుకున్నది. మాట తెలియని చోట తెలుగు మాటే పెట్టి, దానికి హిందీ రాగం తీసి వదిలేసేది. మనవాళ్లు అందరూ చేసేదే. పదిసార్లకి తొమ్మిదిసార్లు గట్టెక్కేస్తారు.

"ఉస్కే హాత్ మే కట్ట థా," అంది.

రాసుకుంటున్న ఎస్సై పృథ్వీరాజ్ కలం ఆపి తలెత్తాడు. "కట్టా? పక్కా?"

"పక్కా," అంది ఇంద్రజ, తన హిందీ ఆయనకి అర్థమైనందుకు మురిసిపోతూ.

ఆ పక్కల కట్టా అంటే నాటు పిస్తోలు. పాల ప్యాకెట్లు వేసేవాడి దగ్గర్నుంచి పాఠాలు చెప్పే మాస్టారి దాకా ఆ గల్లీలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, ఇంద్రజ ఒక్కతే తప్ప. ఎస్సై గొలుసుకట్టు హిందీలో పేజీ నింపాడు. అది చదవడం ఆమె వల్ల కాలేదు, చదివి వినిపించమని అడగాలని తోచలేదు. దశరథ్‌ని ఆ సాయంత్రమే పట్టుకుపోయారు. హత్యకి ముందురోజే యజమాని అతన్ని నలుగురిలో చెంపమీద కొట్టాడట. ఇంకేం కావాలి?

ఏడాదిన్నర తరవాత కోర్టులో కూడా ఆ మాటే చెప్పింది. కట్టా ఎంత ఉందని ప్లీడరు అడిగితే రెండు చేతులూ ఎదురెదురుగా పెట్టి, జిరాక్స్ కాగితం పొడుగు చూపించింది. టైపిస్టు అదేదో ఇంగ్లీషులో టకటకా కొట్టేశాడు. ప్రిలిమ్స్‌కి ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేసింది. ఇంగ్లీషులో ఎమ్మే చేసిన మనిషి, అరపేజీ ఇంగ్లీషు చదువుకోలేదు. దశరథ్ తరఫున ప్రభుత్వం పెట్టిన వకీలు రెండే ప్రశ్నలు వేసి, ఇంకో కోర్టులో పనుందని వెళ్లిపోయాడు. బోనులోంచి దశరథ్ ఆమెకేసే చూస్తున్నాడు. పాత కస్టమర్‌ని గుర్తుపట్టాడనుకుని ఆమె చిన్నగా తల ఊపింది కూడా. ఆ తల ఊపడం ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు.

యావజ్జీవం పడింది. పోలీసుల దగ్గర వేరే సాక్ష్యాలు ఉండి ఉంటాయిలే అనుకుంది.

కలెక్టరు ఉద్యోగం రాలేదు గానీ కేంద్ర సచివాలయంలో అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. అక్కడే పనిచేసే విష్ణువర్ధన్‌తో పెళ్లయింది. కొత్త కాపురం, కొత్త వంటిల్లు. నవంబరు నెలలో ఒక ఆదివారం సొసైటీ గేటు దగ్గర కూరల బండివాణ్ణి "భయ్యా, ఏక్ కట్ట ధనియా" అని అడిగింది. బండివాడు చేతిలో తూకం రాయి వదిలేసి నవ్వాడు. వాచ్‌మన్ కూడా వచ్చి నవ్వాడు. మేడమ్, కొత్తిమీర అయితే గడ్డీ అనాలి, కట్టా కావాలంటే ఈ బండి మీద దొరకదు, అని చూపుడువేలు చాచి ఠాయ్ మని పేల్చి చూపించాడు.

ఇంద్రజ కొత్తిమీర అక్కడే వదిలేసి పైకొచ్చి బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చింది. మర్నాడే ఏదో ఒక ఠాణాకి వెళ్లి చెప్పేద్దామనుకుంది. మర్నాడు భయమేసింది. ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. అబద్ధపు సాక్ష్యమని తన మీదే కేసు పెడితే? ప్రొబేషన్ అయ్యాక చెబుదామనుకుంది. అప్పటికి కడుపులో దీపు ఉంది. తరవాత దీపుకి కోరింత దగ్గు, తరవాత స్కూలు సీటు, తరవాత ప్రమోషన్ లిస్టు. భయపడాలనుకున్న మనిషికి కారణాలకేం కరువు, ఏడాదికొకటి కొత్తది పుడుతుంది. అలా తొమ్మిదేళ్లు భయపడింది. మొగుడికి కూడా చెప్పలేదు.

"ఒక్కటే అడుగుత అక్కా," అంటోంది సాయిసుధ. "ఈ కేసుల పిస్తోలు ఇప్పటిదాంక దొరకలే. గుర్తింపు పరేడ్ పెట్టలే. రెండో సాక్షి చాయ్ బండాయన, అదే ఏడాది ఇంకో నాలుగు కేసులల్ల గూడ ఆయనే కండ్లార చూసిండట. ఇగ మిగిలింది మీ మాటనే. మీ వాంగ్మూలం మొత్తం హిందీల ఉన్నది. కాకినాడ నుంచి అప్పుడప్పుడే వచ్చిన పిల్లకు ఈ కట్టా అనే మాట ఎట్ల తెలుసు అని నాకు అనుమానం. ఆ రోజు మీరు నిజంగ ఏమన్నరు?"

లోపల గదిలోంచి దీపు వచ్చి "మమ్మా, యే ఆంటీ కౌన్ హై?" అంది. "లోపలికి పో" అని కసిరింది ఇంద్రజ. ఎప్పుడూ కసరని తల్లి కసిరేసరికి పిల్ల బిత్తరపోయి వెళ్లిపోయింది.

"చాలా ఏళ్లయిందండీ. నాకేం గుర్తులేదు."

సాయిసుధ ఆమె మొహంలోకి చూసింది. కార్డు ఒకటి టీపాయ్ మీద పెట్టి, "గుర్తుకొస్తే ఫోన్ చెయ్యండ్రి. కోర్టు నుంచి సమన్లు అయితే ఎట్లైన వస్తయి," అని లేచింది.

మధ్యాహ్నం విష్ణువర్ధన్ ఇంటికొచ్చేసరికి ఇంద్రజ సోఫాలో కూర్చుని ఉంది. ఏమైందంటే అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది, కొత్తిమీరతో సహా. అతను మంచివాడే పాపం, కానీ పద్దెనిమిదేళ్లు ప్రభుత్వ ఫైళ్ల మధ్య బతికిన మంచివాడు.

"తొమ్మిదేళ్లు నాక్కూడా చెప్పలేదా ఇందూ?"

"భయమేసిందండీ."

"సరే, ఇప్పుడు మాత్రం తొందరపడకు. రేపు నెల నీ ప్రమోషన్ లిస్టు. అప్పుడు తప్పు చెప్పానని నువ్వే ఒప్పుకుంటే, చార్జిషీటు చేతిలో పెట్టి ఇంటికి పంపిస్తారు. గుర్తులేదని చెప్పావుగా, దాని మీదే ఉండు."

సోమవారం ఆఫీసులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. పృథ్వీరాజ్. ఇప్పుడు ఎస్సై కాదు, చాలా మెట్లెక్కాడు. గొంతు మాత్రం అదే, తండ్రిలా మెత్తగా. బాగున్నావా బేటీ అన్నాడు. వకీళ్లు వచ్చి తలకాయ తింటారు, పట్టించుకోవద్దన్నాడు. బెదిరించలేదు. చివర్లో ఒక్క మాట మాత్రం అన్నాడు. "నేను రాసుకున్నది పక్కన పెట్టు బేటీ. కోర్టులో కాగితం ఇంగ్లీషులో ఉంది, నువ్వు చదువుకున్నదానివి, సంతకం నీదే."

ఫోన్ పెట్టేశాక ఆమెకి బెదిరించి ఉంటే బాగుండేదనిపించింది. ఆ మనిషి అన్నదాంట్లో అబద్ధం లేదు, అదీ ఆమె భయం.

గురువారం సమన్లు ఇంటికి కాదు, ఆఫీసుకే వచ్చాయి. కానిస్టేబుల్ ఆమె పేరు గట్టిగా పిలుచుకుంటూ సెక్షన్ మధ్యలోకి వచ్చేశాడు. పక్క సీటు లక్ష్మీకుమారి గారు కళ్లజోడు పైనుంచి చూసి, "ఏం కేసండీ?" అని ఆరా తీశారు. పాత ఇంటి అద్దె గొడవ అని చెప్పింది ఇంద్రజ. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆ కాగితం పట్టుకుని మెట్ల దగ్గరికి పోయి రెండోసారి చదివింది. దాని మీద దశరథ్ పేరు కింద అతని జైలు నంబరు ఉంది, ఎన్నేళ్ల నుంచి లోపలున్నాడో కూడా ఉంది. పన్నెండేళ్లు, ఎనిమిది నెలలు, నాలుగు రోజులు. వాళ్లు రోజులతో సహా లెక్కపెడుతున్నారు. ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుని సాయిసుధకి ఫోన్ చేసింది.

కట్ట సంగతి వినగానే అవతల సాయిసుధ అరిచినంత పని చేసింది. "అయ్యో దేవుడా. కాయితాల కట్టనా. నాకు నోట్లెనే ఉండెగదా ఆ మాట, తట్టనే లేదు." తరవాత గొంతు తగ్గించి అడిగింది. "మరి ఇది తప్పని మీకు ఎప్పుడు తెలిసింది అక్కా?"

"మీరు వచ్చి అడిగాకే," అంది ఇంద్రజ.

అటు నుంచి పెన్ను మూత పెట్టిన చప్పుడు వినిపించింది. "సరే అక్కా. అదే చెప్పండ్రి," అంది సాయిసుధ.

విష్ణువర్ధన్‌కీ ఈ దారి నచ్చింది. దశరథ్ బయటికొస్తాడు, ఇంద్రజకి మచ్చ రాదు. పొరపాటు పోలీసులది, భాషది, కాలానిది. అతను దాన్ని ఫైల్లో నోట్ రాసినంత చక్కగా అమర్చి చెప్పాడు. ఇంద్రజ వారం రోజులు ఆ నాలుగు వాక్యాలూ గొణుక్కుంటూ గడిపింది. అన్నం సహించలేదు. గేటు దగ్గర కూరల బండి కనిపిస్తే చుట్టూ తిరిగి వెనక గేటు నుంచి వెళ్లింది.

హైకోర్టులో ఆ రోజు ఇద్దరు జడ్జీలు. గది చిన్నదే, ఏసీ చలి ఎక్కువ. వెనక బెంచీలో ముదురు నీలం శాలువా కప్పుకున్న ఒకావిడ కూర్చుని ఉంది, దశరథ్ భార్య గౌరి అని సాయిసుధ చెప్పింది. ఇంద్రజ అటు చూడలేదు.

సాయిసుధ అడిగినవాటికి జవాబులు బాగానే చెప్పింది. తెలుగులో కట్ట అంటే ఏమిటో చెప్పింది. ఆ సాయంత్రం చూసింది కాగితాలేనని చెప్పింది. పెద్ద జడ్జి కలం కదులుతోంది. తరవాత ప్రభుత్వ ప్లీడరు లేచాడు, పొడుగ్గా, నిదానంగా.

"మీరు ఈ చుట్టుపక్కలే పదమూడేళ్లుగా ఉంటున్నారు. ఆఫీసులో హిందీలో పనిచేస్తారా?"

"చేస్తాను సర్."

"హిందీ పక్షోత్సవాల్లో మీకు వ్యాస రచనలో రెండో బహుమతి వచ్చింది. ఏ సంవత్సరం?"

ఆయన చేతిలో వాళ్ల ఆఫీసు సర్క్యులర్ ఉంది. ఇంద్రజ ఆ కాగితం వంక చూసి, "రెండువేల పద్దెనిమిది," అంది.

"హిందీలో బహుమతి తీసుకున్నారు. రోజూ హిందీ పేపర్లలో కట్టాతో కాల్చాడని వార్త ఉంటుంది. మీకు మాత్రం ఆ మాటకి అర్థం పోయిన నెలలో, వకీలుగారు ఇంటికొచ్చాక తెలిసింది. అంతేనా?"

"అంతే సర్."

"మేడమ్, ఈ కాగితాల కట్ట కథ మీకు ఎవరు నేర్పారు?"

పెద్ద జడ్జి రాయడం ఆపి కళ్లజోడు తీశారు. పక్కన సాయిసుధ తల దించుకుంది. ఇంద్రజకి ఒక్కసారిగా అర్థమైంది. వాళ్లెవరూ ఆమెని నమ్మడం లేదు. నిజానికి తను తగిలించిన ఆ చిన్న అబద్ధం నిజాన్ని కూడా ముంచుతోంది. తను ఇంకో నిమిషం ఇలాగే నిలబడితే దశరథ్ మళ్లీ తన నోటి మూలంగానే లోపలికి పోతాడు, ఈసారి తెలిసి తెలిసి. చార్జిషీటు కనిపించింది, లక్ష్మీకుమారి గారి కళ్లజోడు కనిపించింది, పోలీసు జీపు చూస్తూ నిలబడ్డ దీపు కనిపించింది. చెక్క కమ్మీ పట్టుకుంది.

"ఎవరూ నేర్పలేదు సర్. పోయిన నెల కాదు. నేను ఇప్పుడు చెప్పింది అబద్ధం."

పెద్ద జడ్జి మళ్లీ కలం అందుకున్నారు.

"రెండువేల పదహారు నవంబర్‌లో తెలిసింది. కూరల బండి దగ్గర కొత్తిమీర కట్ట అడిగితే బండివాడు నవ్వాడు. వాచ్‌మన్ చెప్పాడు. కోర్టు కాగితం చదవకుండా సంతకం పెట్టాను, అది నా తప్పే. తెలిశాక తొమ్మిదేళ్లు నోరు మూసుకున్నాను, అది ఇంకా పెద్ద తప్పు."

"తొమ్మిదేళ్లు ఎందుకు చెప్పలేదు?" జడ్జి గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"భయం సర్," అంది ఇంద్రజ. ఇంకేదైనా చెబుదామని వెతుక్కుంది గానీ ఇంకేం లేదు.

ప్రభుత్వ ప్లీడరు ఇంకేం అడగలేదు. కూర్చున్నాడు.

మూడు వారాల తరవాత తీర్పు. ఆ రోజు ఆమె రావలసిన పని లేదు, విష్ణువర్ధన్ వద్దనే అన్నాడు. అయినా సెలవు పెట్టి వెళ్లి, ఆఖరి వరసలో తలుపు పక్కన నిలబడింది. పోలీసులు చేసిన దర్యాప్తుని జడ్జి ఒక్కో ముక్కా విప్పి చూపించారు. ఆయుధం లేదు. చాయ్ బండి సాక్షిని నమ్మడానికి లేదు. మొదటి సాక్షి, అంటే ఇంద్రజ, చెప్పిన మాట అర్థం చేసుకోకుండానే చెప్పింది, అర్థమయ్యాక దాచింది, ఈ కోర్టులో కూడా ముందు అబద్ధమే ఆడింది, ఇలాంటి మనిషి మాట మీద ఎవర్నీ ఒక్క రోజు కూడా జైల్లో ఉంచడానికి వీల్లేదు అన్నారు. శిక్ష రద్దు, విడుదల చెయ్యండి అన్నారు. సాక్షి మీద చర్య తీసుకోవడం లేదని చివర్లో ఒక్క వాక్యం చదివి, పక్క ఫైలు అందుకున్నారు.

తొమ్మిదేళ్లు రాత్రీ పగలూ తిన్న భయం ఆ ఒక్క వాక్యంలో అయిపోయింది. ఇంద్రజ నమ్మలేకపోయింది. ప్రాణం తేలికపడాలి కదా, పడలేదు. నీరసంగా వరండాలోకి వచ్చేసరికి ఎదురుగా గౌరి నిలబడి ఉంది, అదే నీలం శాలువా. పక్కన సాయిసుధ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది.

కొడుతుందేమో, కొట్టనీ అనుకుంది ఇంద్రజ. చేతులు జోడించి, తన బహుమతి హిందీలో క్షమించమని అడగబోయింది.

గౌరి తిట్టలేదు, కొట్టలేదు. ఇంద్రజని కిందనుంచి పైదాకా చూసింది, అర్థంకాని మనిషిని చూసినట్టు.

"దీదీ, ఒకటి అడగనా? ఆ రోజు జడ్జి సాబ్‌తో భయం అన్నారు. దేనికి భయపడ్డారు?" అని హిందీలో అడిగింది. ఎత్తిపొడుపు కాదు, తెలుసుకోవాలనే అడిగింది.

ఇంద్రజ సిగ్గుతో చచ్చిపోయింది. అయినా ఈ మనిషికి అబద్ధం చెప్పలేకపోయింది.

"ఉద్యోగం పోతుందని."

"అచ్ఛా," అంది గౌరి. "పోయిందా?"

"లేదు."

గౌరి తల ఊపింది. శాలువా సర్దుకుని, తీర్పు కాపీ ఇచ్చే కిటికీ ఎటువైపో సాయిసుధని అడిగి, అక్కడి లైనులో నిలబడింది.